లారీ బేకర్ పనిని ఎలా చదవాలి? ఒక పాత సివిల్ ఇంజనీరు జవాబు

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. ఒకటి: ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్న మీరు థీసిస్‌కి, కేరళలో తక్కువ ఖర్చు ఇటుక ఇళ్ళకి పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్‌ని ఎంచుకుంటే, "చవక ఇళ్ళాయన మీద రాయడానికేముంది" అని తోటివాళ్ళు అంటున్నారు, నిజంగా ఆయన ప్రత్యేకత ఏమిటి? రెండు: ఆ దారిలో మన ఆంధ్రాలోనో తెలంగాణలోనో పనిచేసి బతకగలమా?

ముందే చెప్పేస్తాను, నేను ఆర్కిటెక్ట్‌ని కాను. డిప్లొమా చదివి సైటులో పెరిగిన సివిల్ ఇంజనీర్‌ని. గోదావరి జిల్లాల్లో ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్నాను. వాటిలో బేకర్ పద్ధతులు వాడినవి పదకొండు. ఒకదాన్ని చెడగొట్టాను కూడా. దాని సంగతీ చెబుతాను. ఆయన నాకు కాస్తో కూస్తో అర్థమైంది ఆ ఇంటివల్లే.

బేకర్ అనగానే అందరూ ఇటుక గోడతో మొదలుపెడతారు. మీరు ఆయన వయసుతో మొదలుపెట్టండి. 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 1937లో అక్కడే ఆర్కిటెక్చర్ పూర్తిచేశారు. రెండేళ్ళకే యుద్ధం వచ్చింది. ఆయన క్వేకర్, అంటే తుపాకీ పట్టనని మతం కట్టుబాటు ఉన్న మనిషి. అందుకని అంబులెన్స్ దళంలో చేరి చైనా వెళ్ళారు. అక్కడ చేసింది మత్తుమందు ఇచ్చే పని, గాయపడ్డవాళ్ళకీ కుష్ఠు రోగులకీ సేవ. చదువైన మొదటి ఎనిమిదేళ్ళలో ఆర్కిటెక్ట్‌గా ఆయన చేసిన పని దాదాపు సున్నా.

చైనా నుంచి ఇంటికి పోతూ ఓడ కోసం బొంబాయిలో కొన్ని నెలలు ఆగిపోయారు. గాంధీగారిని కలిసింది అప్పుడే. గుడ్డ పీలికలతో కుట్టిన ఆయన బూట్లు చూసి గాంధీ పలకరించారనీ, ఇల్లు కట్టడానికి కావలసిన సరుకు ఆ ఇంటికి ఐదు మైళ్ళ లోపల దొరికేదై ఉండాలన్నారనీ బేకర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఈ కథ ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది కాబట్టి మీ థీసిస్‌లో దానికి ఒక పేజీ మించి ఇవ్వకండి. ఆ తర్వాతి ఇరవై ఏళ్ళ గురించి ఎవరూ సరిగ్గా రాయరు. మీకు పని అక్కడుంది.

1945లో కుష్ఠు రోగుల మిషన్‌కి ఆర్కిటెక్ట్‌గా తిరిగొచ్చారు. ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాద్ కేంద్రంగా పని. కొత్త మందులు వస్తున్న రోజులు. రోగుల్ని పడేసి ఉంచే పాత ఆశ్రమాల్ని చికిత్స జరిగే ఆసుపత్రులుగా మార్చాలి. వచ్చాక తెలిసిందేమిటంటే, తాను చదువుకున్న పుస్తకాలు ఇక్కడ పనికిరావు. మట్టి, పేడ, వెదురు, తాటిమాను, సున్నం, చెద, వానాకాలం - వీటిలో ఒక్కటీ ఆయనకి తెలియదు. పక్కన పనిచేసే మేస్త్రీలకి అన్నీ తెలుసు. మొహమాటం లేకుండా వాళ్ళనే అడిగారు. పట్టా చేతిలో ఉన్నవాడు మేస్త్రీని అడగడం ఇప్పటికీ మన సైట్లలో ఎంత అరుదో, ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళినప్పుడు మీరే చూస్తారు.

అక్కడే పరిచయమైన మలయాళీ డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ని 1948లో పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ హిమాలయాల్లో పిథోరాగఢ్ వైపు వెళ్ళి అక్కడే పదిహేను, పదహారేళ్ళు ఉండిపోయారు. కొండమీద ఆసుపత్రి కట్టుకున్నారు. ఆమె డాక్టర్. మిగతా పనులన్నీ, కట్టడం దగ్గర్నుంచి రోగికి మత్తు ఇవ్వడం దాకా, ఆయనవి. పేరు లేదు, పత్రికలు లేవు. కొండవాళ్ళు రాయీ మట్టీ కలపా ఎలా వాడుతున్నారో చూసి, అలాగే కట్టడం. తరతరాలుగా అక్కడి వానకీ చలికీ నిలబడ్డ ఇంటికి ఒక కారణం ఉంటుందని, ఆ కారణం పట్టుకోకుండా దాన్ని మార్చకూడదని ఆయన పనంతటిలోనూ కనిపించే పట్టుదల అక్కడ తయారైందనుకుంటాను.

1963 ప్రాంతంలో కేరళకి దిగారు. ముందు వాగమన్ కొండల్లో మళ్ళీ ఆసుపత్రి పని. 1970కి అటూ ఇటూగా తిరువనంతపురం. లెక్క వేసుకోండి, అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ఇవాళ మీరు ఫొటోల్లో చూసే బేకర్ ఇళ్ళలో చాలా భాగం యాభై దాటాక కట్టినవే. ఇరవై రెండేళ్ళకే సొంత ఆఫీసు లేదని టెన్షన్ పడుతున్న మీ బ్యాచ్‌లో ఈ లెక్క చెప్పి చూడండి.

ఇక తిరువనంతపురం రోజులు. అప్పట్లో సిమెంటు కంట్రోలు సరుకు, పర్మిట్ ఉంటేనే దొరికేది. ఇనుమూ ఖరీదే. కూలీ మాత్రం ఖరీదు కాదు. ఊరి చుట్టూ ఇటుక బట్టీలు, ఓడుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిమెంటు, ఇనుము మీద పోయే డబ్బుని తగ్గించి మనిషి చేతిపనికి మళ్ళించాలన్నది బేకర్ ఆలోచన. అలా చేస్తే ఇల్లు చవకవుతుంది, డబ్బు ఊళ్ళోనే కూలీల చేతుల్లోకి వెళ్తుంది. రెండోది ఆయనకి చాలా ముఖ్యం. "చవక ఇళ్ళాయన" అనేవాళ్ళు దాన్నే వదిలేస్తారు. ఖర్చు తగ్గించడమనేది పేదవాళ్ళకి మాత్రమే చెప్పాల్సిన మాట కాదనీ, ఉన్నవాళ్ళు కూడా అనవసరంగా సిమెంటు తగలేయకూడదనీ ఆయన వాదన. బిషప్‌లకీ ప్రొఫెసర్లకీ ఐఏఎస్‌లకీ చేపలు పట్టేవాళ్ళకీ ఒకే చేత్తో కట్టారు.

పద్ధతులు చాలా ఉన్నాయి. రెండే చెబుతాను, మిగతావి మీ లైబ్రరీలో దొరుకుతాయి.

మొదటిది ర్యాట్ ట్రాప్ బాండ్. మా మేస్త్రీలు ఎలకబోను గోడ అంటారు. బేకర్ కనిపెట్టింది కాదిది, ఇంగ్లండ్‌లో పాత పద్ధతి. మనం ఇటుకని పడుకోబెట్టి కడతాం. ఇందులో పక్కమీద నిలబెట్టి కడతారు. 9 × 4½ × 3 అంగుళాల ఇటుక అనుకోండి. లోపలా బయటా ఒక్కో ఇటుక నిలబెడితే మూడూ మూడూ ఆరు అంగుళాలు పోయి, నడుమ మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఈ రెండింటినీ కలుపుతూ ఒక ఇటుకని అడ్డంగా పెడతారు. గోడ మందం మామూలుగానే 9 అంగుళాలు.

ఇప్పుడు లెక్క. మామూలు ఫ్లెమిష్ కట్టుబడిలో, అంటే ప్రతి వరసలో ఒకటి పొడవుగా ఒకటి అడ్డంగా మార్చి మార్చి పేర్చేదాంట్లో, మూడు ఇటుకలకి పదమూడున్నర అంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు వస్తుంది. అంటే ఇటుకకి 13½ చదరపు అంగుళాల గోడ ముఖం. ఎలకబోనులో అవే మూడు ఇటుకలకి పన్నెండు అంగుళాల పొడవు, నాలుగున్నర ఎత్తు. ఇటుకకి 18. అంటే సరిగ్గా నాలుగో వంతు ఇటుక మిగులు. సున్నమో సిమెంటో ఆ మేరకి తగ్గుతుంది. నడుమ గాలి ఉండటం వల్ల పడమటి ఎండ లోపలికి దిగడానికి ఆలస్యమవుతుంది. కరెంటు పైపులు ఆ ఖాళీలోంచి పోతాయి. భూకంపం భయమున్నచోట మూలల్లో నిలువు కడ్డీ దించి కాంక్రీటు పోసుకోవచ్చు. ఇది లెక్క చెప్పే మాట. సైటులో ఏమవుతుందంటే, మేస్త్రీ అలవాటుకొద్దీ తాపీతో మాలు విదిలిస్తే అది ఖాళీలో పడి నిండిపోతుంది. అప్పుడు మిగులూ లేదు, చల్లదనమూ లేదు. ఖాళీ మీద ఒక చెక్కముక్క అడ్డం పెట్టి, వరస వరసకీ జరుపుకుంటూ పోవాలి. ఇది నేను తిట్లు తిని నేర్చుకున్నాను.

రెండోది ఫిల్లర్ శ్లాబ్. శ్లాబ్ కింది సగంలో లాగుడుని మోసేది ఇనుము. అక్కడున్న కాంక్రీటు ఆ ఇనుముని పట్టుకుని ఉండటం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. అలాంటప్పుడు కడ్డీకీ కడ్డీకీ మధ్య గళ్ళలో రెండేసి మంగళూరు పెంకులు ఒకదానిమీద ఒకటి బోర్లించి పెడితే అంత కాంక్రీటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే ఇనుమూ తగ్గుతుంది. కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకుల గళ్ళు, ప్లాస్టరింగ్ అక్కర్లేదు. పాత పెంకులు దొరికితే మరీ మంచిది, కాకపోతే నానబెట్టి వాడాలి. ఎండు పెంకు కాంక్రీటులో నీళ్ళు పీల్చేస్తుంది.

మీ థీసిస్‌కి ఒక్క కట్టడమే తీసుకోవాలంటే తిరువనంతపురం ఉళ్ళూరులోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ తీసుకోండి. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ పెట్టిన సంస్థ, అచ్యుత మేనన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో మొదలైంది. పదెకరాల గుట్ట. గుట్టని చదును చేయలేదు. చెట్టు అడ్డమొస్తే గోడ వంగింది, వాలు వస్తే మెట్టు వచ్చింది. నడుమ గుండ్రటి లైబ్రరీ టవర్. హాస్టల్ గోడలు పాములా మెలికలు తిరిగి ఉంటాయి. వేషం కోసం కాదు. సన్నని గోడ తిన్నగా ఉంటే పడిపోతుంది, మెలిక పెడితే దాని కాళ్ళ మీద అది నిలబడుతుంది. కిటికీలు ఉండాల్సిన చాలా చోట్ల ఇటుకల మధ్య సందులు వదిలిన జాలీలే ఉన్నాయి. కిటికీ అంటే ద్వారబంధం, రెక్క, గాజు, కమ్మీ, బందులు. జాలీ అంటే ఇటుకలు, అదీ మామూలు గోడకంటే తక్కువ. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి, నేలమీద పడే వెలుగు చుక్కలు చూడొచ్చు.

మొదటిసారి 2002లో అది చూసి పిచ్చెక్కి వచ్చాను. అప్పటికి ఒక శిక్షణలో ఎలకబోను గోడ కట్టడం నేర్చుకున్నాను. కాకినాడకి దగ్గర్లో, సముద్రం గాలి తగిలేచోట, ఒక రిటైర్డ్ మాస్టారు ఇల్లు అప్పగించారు. "మీ ఇష్టం బాబూ, బాగుంటే చాలు" అన్నారు. రెచ్చిపోయాను. ప్లాస్టరింగ్ లేని ఎర్ర ఇటుక గోడలు, జాలీలు, ఆర్చీలు, అన్నీ పెట్టాను. పైన మాత్రం మామూలు చదును శ్లాబే, చూరు లేదు. స్థలం చిన్నది. చూరు బయటికి లాగితే పక్క స్థలం మీదికి పోతుంది, లేదా గది తగ్గించాలి. గది తగ్గించడానికి మనసొప్పలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. పడమటి గోడ నీళ్ళు తాగేసింది. ఇటుకలు ఉప్పు కక్కి, ముఖం పొరలు పొరలుగా రాలింది. జాలీల్లోంచి జల్లు మంచం దాకా వచ్చింది. మాస్టారు ఒక్క మాటా అనలేదు. ఆయన భార్య అన్నారు, "బాబూ, మా నాయనమ్మ మట్టింటికి చూరు మోకాలెత్తు దాకా దిగేది, అందుకే గోడ నిలిచింది." సొంత డబ్బుతో ఆ గోడకి ప్లాస్టరింగ్ చేయించి, పెంకు వసారా దింపాను.

తర్వాత మళ్ళీ తిరువనంతపురం వెళ్ళినప్పుడు బేకర్ ఇళ్ళ గోడలు కాదు, కప్పులు చూశాను. ఆయన ఇళ్ళలో చాలావాటికి కప్పు గోడ దాటి బాగా బయటికి వచ్చి ఉంటుంది. గోడని ప్లాస్టరింగ్ లేకుండా వదిలేయగలిగింది పైన గొడుగు ఉండబట్టే. గొడుగు వదిలేసి గోడ ఒక్కటీ తెచ్చుకున్నాను నేను. మన ఊళ్ళలో "బేకర్ స్టైల్" అని కడుతున్న కేఫ్‌లూ ఫామ్‌హౌస్‌లూ చాలావాటిలో ఇదే తప్పు కనిపిస్తుంది. కొన్నింట్లో అయితే కాంక్రీటు స్తంభాలమీద కట్టి, పైన ఇటుక రంగు టైల్ అంటించి జాలీ పెడుతున్నారు. ఖర్చు రెట్టింపు. ఆయన చూస్తే నవ్వేవారో తిట్టేవారో.

మీ తోటివాళ్ళకి చెప్పాల్సిన జవాబు ఇక్కడుంది. ఆయన పేరుమీద చెప్పుకునే పద్ధతుల్లో చాలావరకు అంతకుముందే ఎక్కడో ఒకచోట ఉన్నవే. కొత్తదల్లా ఆయన పని నడిపిన తీరు. డ్రాయింగులు వాడేసిన కవర్ల వెనకా కాగితం ముక్కలమీదా గీసేవారు. అసలు డిజైన్ సైటులో జరిగేది, సున్నంతో నేలమీద గీతలు గీసి, ఆ గీతల మధ్య నడిచి. తనే ఆర్కిటెక్టూ తనే కాంట్రాక్టరూ. మేస్త్రీలకి కూలీ తన చేతిమీదుగానే ఇచ్చేవారు. దాదాపు రోజూ సైట్లు తిరిగేవారు. గోడ లేస్తుండగా ఇక్కడ రాయి అడ్డొచ్చిందంటే అక్కడికక్కడే మార్చేవారు.

ఇది మంచి గుణం అని చెప్పి వదిలేస్తే సరిపోదు, దీని వెనక డబ్బు లెక్క ఉంది. మన దగ్గర ఆర్కిటెక్ట్ ఫీజు సాధారణంగా ఖర్చులో శాతం. కాంట్రాక్టర్ లాభమూ అంతే. ఇంటి ఖర్చు పది లక్షలు తగ్గించిన ఆర్కిటెక్ట్ తన జేబుకి తానే చిల్లు పెట్టుకున్నట్టు. తగ్గించడానికి పట్టే బుర్రా తిరుగుడూ మాత్రం రెట్టింపు. బేకర్ ఆ ఏర్పాటులోంచి బయటికొచ్చి నిలబడ్డారు కాబట్టే తగ్గించగలిగారు. భార్య డాక్టరు, ఇద్దరి బతుకూ సాదా, ఉన్న ఇల్లు నాలంచిర గుట్టమీద కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయిన 'హామ్లెట్'. ఈ మూడూ లేకపోతే ఆ పని సాగేదా అంటే, నా ఉద్దేశంలో సాగేది కాదు.

దీని మరో వైపు కూడా రాయండి. ఆయన పద్ధతి ఆయన సైటులో ఉన్నంత కాలమే బాగా నడుస్తుంది. రోజూ వచ్చి చూసే మనిషి లేకపోతే మేస్త్రీ పాత అలవాటుకి పోతాడు. ఈ ఇబ్బందికి వాళ్ళు వెతికిన జవాబే 1985లో పెట్టిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ. అచ్యుత మేనన్, కె.ఎన్. రాజ్, టి.ఆర్. చంద్రదత్, బేకర్ కలిసి పెట్టారు. ఆ సంస్థ ఇప్పటికీ కడుతోంది, మేస్త్రీలకి నేర్పుతోంది. ఆ రోజుల్లోనే కొల్లంలో మొదలైన నిర్మితి కేంద్రం (తక్కువ ఖర్చు కట్టుబడి నేర్పే కేంద్రం) ఆలోచనని, ఇళ్ళకి అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో దేశమంతా పాకించింది. మన దగ్గర హౌసింగ్ కార్పొరేషన్ నిర్మితి కేంద్రాలు ఆ వరసలో వచ్చినవే.

ఇంకో సంగతి. ఇటుక కాల్చడానికి కట్టెలో బొగ్గో కావాలి. ఇటుకే ఊపిరిగా కట్టిన మనిషి పోనుపోను మట్టి గురించి ఎక్కువ మాట్లాడారు. ఏ సరుకు తయారవడానికి ఎంత ఇంధనం తగలబడిందో చూడమన్నారు. దేశంలో ఆ మాట పెద్దగా ఎవరికీ పట్టని కాలమది. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న, తొంభై ఏళ్ళకి, తిరువనంతపురంలోనే పోయారు.

మీ రెండో ప్రశ్న. బతకగలరా? సూటిగా చెబుతాను. ప్రభుత్వ పనుల్లో కష్టం. ఒకసారి ఒక చిన్న భవనం ఎలకబోను గోడతో కడితే, రేట్ల పట్టికలో ఆ అంశం లేదని బిల్లు నెలల తరబడి ఆగింది. చివరికి మామూలు గోడ కింద రాయించి డబ్బు తీసుకోవాల్సొచ్చింది. అలా రాస్తే మిగిలిన ఇటుకకి లెక్కెక్కడ చెప్పాలో ఎవరికీ తెలియలేదు! ప్రైవేటులో మాత్రం పని ఉంది. వచ్చేవాళ్ళలో సగం మంది ఫొటోలు చూసి వస్తారు, మిగతా సగం వేసవి కరెంటు బిల్లు చూసి వస్తారు. రెండోవాళ్ళతో పని చేయండి.

బేకర్ కాలంలో కూలీ చవక, సిమెంటు ఖరీదు. ఇవాళ లెక్క తారుమారైంది. మంచి మేస్త్రీ రోజు కూలీ చూస్తే, చేతిపని ఎక్కువున్న గోడలో ఇటుక మిగులు సగానికి పైగా కూలీలోనే పోతుంది. నా అనుభవంలో ప్లాస్టరింగ్ మానేసి పాయింటింగ్‌తో, అంటే ఇటుకల సందుల్ని మాత్రం మాలుతో పూడ్చి, సరిపెడితేనే లాభం కనిపిస్తుంది. మనకి కలిసొచ్చేది ఒకటుంది. థర్మల్ స్టేషన్ల బూడిదతో చేసే ఇటుకలు కొలతకి సరిగ్గా ఉంటాయి. ఎలకబోను గోడకి కావలసిందే అది. మా గోదావరి బట్టీ ఇటుక ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, దాంతో ఈ గోడ కడితే రసమట్టం చూసి మేస్త్రీ ఏడుస్తాడు. మొదటి రెండు మూడేళ్ళూ శాతం ఫీజు అడక్కండి. చదరపు అడుగుకింత అనో నెలకింత అనో మాట్లాడుకోండి. ఒక మేస్త్రీ జట్టుని పట్టుకుని వదలకండి. డిజైన్ కంటే అదే మీ ఆస్తి.

థీసిస్‌లో మన ప్రాంతానికి ముడి కావాలంటే బలవంతంగా వెతకక్కర్లేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణాది పాత ఇళ్ళని చూపించే మ్యూజియం దక్షిణచిత్రకి మొదటి రూపం ఇచ్చింది బేకరే. అక్కడి ఆంధ్ర విభాగంలో మన ఉత్తర కోస్తా చుట్టిల్లు ఉంది. గుండ్రటి మట్టి గోడ, దాదాపు నేలని తాకే తాటాకు కప్పు. తుపాను గాలికి మూల దొరకని ఇల్లది. మాస్టారి భార్య చెప్పిన మోకాలెత్తు చూరు అదే. నేను అది చూసింది మాస్టారిల్లు పాడయ్యాకే.

ఇక తిరువనంతపురం. విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఫొటోలకి బాగుంటుందని డిసెంబరులో పోకండి, జూన్, జూలైలలో పోండి. వాన పడుతుండగా ఏ గోడ తడుస్తోందో, ఏది తడవడం లేదో, చూరు ఎంత బయటికి ఉందో టేపు పెట్టి కొలవండి. ఉళ్ళూరు సంస్థలో ముందుగా అనుమతి అడగాలి. శ్రీకార్యంలో లయోలా చాపెల్ చూడండి, అంత ఎత్తు ఇటుక గోడ ఎలా నిలబడిందో గీసుకోండి. విళప్పిల్‌శాలలో బేకర్ పేరుతో ఉన్న శిక్షణ కేంద్రంలో వర్క్‌షాప్ దొరికితే చేతులు మురికి చేసుకునే రకం ఎంచుకోండి.

దిగగానే మాత్రం తంపానూరులో, స్టేషన్‌కి దగ్గర్లోనే, ఇండియన్ కాఫీ హౌస్‌కి వెళ్ళండి. ఇరుకు స్థలంలో ఎర్రటి గుండ్రటి గోపురంలా ఉంటుంది. లోపల మెట్లూ అంతస్తులూ లేవు, ఒకటే ర్యాంపు చుట్లు చుట్టుకుంటూ పైకి పోతుంది. బయటి గోడ పొడవునా కట్టుబడి బెంచీలు, బల్లలు. రెండో చుట్టులో కూర్చుని కాఫీ చెప్పండి. కాళ్ళకింద నేల వాలుగా ఉంటుంది, కప్పులో కాఫీ మాత్రం ఒరగదు. బల్లకి ఒక పక్క ఎత్తెంత, రెండో పక్క ఎంత అన్నది కొలుచుకుని రండి. సర్వర్లు ఏమీ అనుకోరు, వాళ్ళకి అలవాటే.